మా కాలనీని టౌన్ చేసుకోవాలంటే 50 సంతకాలు చాలా? (టెక్సాస్)

కందిపొడి:
డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. అడ్రస్‌లో పెద్ద సిటీ పేరే రాస్తాం గానీ ఆ సిటీలో లేం, వట్టి కౌంటీలో ఉన్నాం. ఎనిమిది వందల పైచిలుకు ఇళ్లు, సగానికి పైగా మనవాళ్లే. నీళ్లూ డ్రైనేజీ మడ్ అనే స్థానిక యుటిలిటీ డిస్ట్రిక్ట్ చూసుకుంటుంది. గడ్డి ఎంత ఎత్తు పెరిగిందో హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం చూసుకుంటుంది. మిగతావి చూసే నాథుడు లేడు.

ఇప్పుడు మా గోడ అవతల ఖాళీ స్థలంలో కాంక్రీట్ కలిపే బ్యాచ్ ప్లాంట్ వస్తోందని బోర్డు పాతారు. కౌంటీని అడిగితే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ అధికారం మాకు లేదన్నారు. సిటీని అడిగితే మీరు మా పరిధిలో లేరన్నారు. హెచ్‌ఓఏని అడిగితే గోడ అవతలిది మాది కాదన్నారు. ముగ్గురూ చెప్పింది నిజమే, అదే కడుపుమంట.

నిన్న వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మనమే టౌన్ అయిపోదాం, 50 సంతకాలు పెట్టి జడ్జికి ఇస్తే చాలు, జోనింగ్ మన చేతికి వచ్చేస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి గ్రూపులో పండగ వాతావరణం. ఇందులో నిజమెంత? ఎవరైనా చేశారా, చేస్తుంటే చూశారా?

బిర్యానీ_బావ:
మేయర్ పోస్టు నాకు రిజర్వ్ చేయండి. ఇల్లు మారి వచ్చేస్తా.

గోదారి_గట్టు:
మనవాళ్లు సగం ఉన్నారన్నారుగా. మొదటి ఏడాది ఒక టౌన్, రెండో ఏడాదికి చీలి రెండు టౌన్లు, సంక్రాంతి సంబరాలు పోటాపోటీగా రెండు చోట్ల. మన సంఘాల చరిత్ర తెలిసిందేగా.

చట్టం_చలపతి:
50 సంతకాల మాట నిజమే, కానీ అది కథలో మొదటి పేజీ.

టెక్సాస్‌లో చిన్న ఊళ్లకి మూడు దారులున్నాయి. టైప్ ఏ కావాలంటే కనీసం 600 మంది నివాసులు ఉండాలి. టైప్ బీకి 201 నుంచి 9,999 వరకు. టైప్ సీకి 201 నుంచి 4,999 వరకు. ఏ, బీలకైతే 50 మంది అర్హులైన ఓటర్ల సంతకాలు, సీకి ఆ ప్రాంతపు ఓటర్లలో 10 శాతం సంతకాలు. సరిహద్దులు, ఊరికి పెట్టబోయే పేరు, మ్యాపు జతచేసి కౌంటీ జడ్జికి ఇవ్వాలి. ఇక్కడ జడ్జి అంటే కోర్టులో సుత్తి కొట్టే ఆయన అనుకోకండి. కౌంటీ పాలన నడిపే పెద్ద ఆయన, మన జిల్లా పరిషత్ చైర్మన్, కలెక్టర్ కలిసిన మనిషి అనుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే ఆయన ఎన్నికకి ఆర్డర్ వేస్తాడు. టౌన్ కావాలా వద్దా అని ఓటింగ్. మెజారిటీ వస్తే అయినట్టే.

విస్తీర్ణానికి కూడా హద్దుంది. జనాభా 2,000 లోపైతే రెండు చదరపు మైళ్లు దాటకూడదు. 2,000 నుంచి 4,999 అయితే నాలుగు. పక్కన ఉన్న ఖాళీ పొలాలన్నీ కలిపేసుకుందాం అంటే కుదరదు.

ఇంతకీ అసలు ప్రశ్న అడుగుతా. మీ పక్క సిటీ జనాభా ఎంత? మీరు దాని హద్దుకి ఎంత దూరం?

కందిపొడి:
లక్ష దాటి చాలా కాలమైంది. హద్దు మా గేటుకి రెండు మైళ్లు కూడా ఉండదు.

చట్టం_చలపతి:
అయితే మీరు ఆ సిటీ ఈటీజేలో ఉన్నట్టే. సిటీ హద్దు దాటాక కూడా దాని నీడ కొంత దూరం పడుతుంది, దాన్నే ఈటీజే అంటారు. జనాభా 5,000 లోపు సిటీకి అర మైలు, 25,000 లోపుకి ఒక మైలు, 50,000 లోపుకి రెండు, లక్ష లోపుకి మూడున్నర, లక్ష దాటితే ఐదు మైళ్లు. ఆ నీడలో ఇంకో టౌన్ పుట్టాలంటే ఆ సిటీ కౌన్సిల్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీ 50 సంతకాలు అక్కడే ఆగిపోతాయి.

కందిపొడి:
పరిధిలో లేరు అన్నవాళ్లే అనుమతి ఇవ్వాలా? భలే ఉంది న్యాయం.

గోదారి_గట్టు:
అన్నం పెట్టరు, ఆకు ఎత్తనివ్వరు.

ఓటు_లేనోడు:
అందరూ 50 సంతకాలు, 50 సంతకాలు అంటున్నారు. ఎవరి సంతకాలు బాబూ? "అర్హులైన ఓటర్లు" అన్నారు చలపతి గారు. అంటే సిటిజన్లే. మా వీధిలో 22 ఇళ్లు, వాటిలో ఓటున్న ఇళ్లు నాలుగు. మిగతా మేమంతా గ్రీన్‌కార్డు లైన్లో వృద్ధాప్యం కోసం ఎదురుచూస్తున్న బ్యాచ్. పన్ను మాత్రం నాలుగు ఇళ్లూ పద్దెనిమిది ఇళ్లూ సమానంగానే కడతాం.

బిర్యానీ_బావ:
పోనీ పిల్లల చేత పెట్టిద్దాం, వాళ్లు పుట్టుకతో సిటిజన్లు. 18 ఏళ్లు ఆగితే చాలు. ప్లాంట్ కూడా అప్పటికి పాతబడిపోతుంది.

చట్టం_చలపతి:
@ఓటు_లేనోడు నిజమే, సంతకానికీ ఓటుకీ సిటిజన్‌షిప్, ఓటరు నమోదు రెండూ ఉండాలి. కానీ జనాభా లెక్కకి వీసా అడగరు. 201 మంది "నివాసులు" అంటే అక్కడ స్థిరంగా కాపురం ఉండేవాళ్లు. మీరు, మీ పిల్లలు అందరూ లెక్కలోకి వస్తారు.

అమ్మమ్మ_వీసా:
ఆరు నెలలకి వచ్చిన మాలాంటి వాళ్లు లెక్కలో ఉంటారా బాబూ? వంట మాత్రం రోజూ మేమే చేస్తున్నాం.

పన్ను_పంతులు:
చట్టం సంగతి అలా ఉంచండి. టౌన్ నడపడానికి డబ్బు ఎక్కడిది? అకౌంట్స్ మనిషిని కాబట్టి అదొక్కటే అడుగుతా.

ఈరోజు మీ కాలనీ రోడ్డు గుంతపడితే, కౌంటీ తీసుకున్న రోడ్డైతే కౌంటీ పూడుస్తుంది. దొంగలు పడితే కౌంటీ పోలీసు అధికారి షెరీఫ్ వస్తాడు. టౌన్ అయిన మర్నాటి నుంచి ఆ వీధులు మీవి. పోలీసుల్ని పెట్టుకోలేకపోతే షెరీఫ్‌తో కాంట్రాక్ట్ రాసుకుని డబ్బు కట్టాలి. టౌన్ సెక్రటరీ, లాయరు, ఆడిటు, ఇన్సూరెన్స్, ఎన్నికల ఖర్చు ఎలాగూ తప్పవు. మడ్ బాండ్ల అప్పు ఎక్కడికీ పోదు, ఆ పన్ను అలాగే ఉంటుంది, దాని పైన టౌన్ పన్ను ఇంకో లైను.

ఆదాయం మాటకొస్తే సేల్స్ ట్యాక్స్ ఒకటి కనిపిస్తుంది. రాష్ట్రం 6.25 శాతం తీసుకుంటుంది, స్థానిక సంస్థలన్నీ కలిపి ఇంకో 2 శాతం వరకే వేసుకోవచ్చు, మొత్తం 8.25. ఇప్పుడు మీ దగ్గర ఫైర్ సర్వీసు చూసే ఎమర్జెన్సీ డిస్ట్రిక్ట్ ఆ 2 శాతాన్ని ముందే పట్టుకుని ఉందేమో చూసుకోండి. అలా అయితే టౌన్‌కి మిగిలేది సున్నా.

కందిపొడి:
కాలనీ ముందు చిన్న సెంటర్ ఉంది. ఒక గ్యాస్ స్టేషన్, ఒక ఇండియన్ గ్రోసరీ, ఒక టిఫిన్ సెంటర్, ఒక పళ్ల డాక్టరు.

పన్ను_పంతులు:
బియ్యం, పప్పు, కూరగాయల మీద టెక్సాస్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు. డాక్టరు ఫీజు మీదా లేదు. గ్యాస్ (పెట్రోలు) మీద ఉండేది వేరే పన్ను, అది మీకు రాదు. మిగిలింది టిఫిన్ సెంటర్.

బిర్యానీ_బావ:
ఊరి కోసం రోజూ మూడు దోసెలు తినండి. మన రోడ్లు మనమే వేసుకుందాం.

హెచ్‌ఓఏ_శత్రువు:
పంతులు గారు భయపెడుతున్నారు గానీ, ఆస్తి పన్ను లేకుండా నడిచే చిన్న టౌన్లు టెక్సాస్‌లో ఉన్నాయి. ఊళ్లో లైన్లు వేసుకున్నందుకు కరెంటు, గ్యాస్ కంపెనీల నుంచి ఫ్రాంచైజ్ ఫీజు వస్తుంది, కొత్త ఇళ్ల పర్మిట్ ఫీజు వస్తుంది. కౌన్సిల్ వాళ్లు జీతం లేకుండా పనిచేస్తారు. పొదుపుగా నడుపుకుంటే ఎందుకు నడవదు?

పన్ను_పంతులు:
అలాంటి టౌన్లకి చాలా వరకు హైవే మీద పెద్ద షాపులు ఉంటాయి. లేదంటే ఇళ్లు తక్కువ, ఖర్చు తక్కువ. వీళ్లవి ఎనిమిది వందల ఇళ్లు. పర్మిట్ ఫీజు అంటారా, కాలనీ నిండిపోయాక కొత్త ఇళ్లు ఎక్కడ కడతారు?

మౌంటెన్_హౌస్_మాధవి:
మా ఊరు మొన్న మొన్ననే సిటీ అయింది కాబట్టి కాలిఫోర్నియా కథ చెప్తాను. శాన్ హోకిన్ కౌంటీలో మౌంటెన్ హౌస్. మనవాళ్లు బాగానే ఉన్న ఊరు. 2008లో ఇళ్ల ధరలు కూలినప్పుడు ఇంటి విలువ కంటే అప్పు ఎక్కువున్న ఊరని దేశమంతా పేపర్లకెక్కింది, మీకు గుర్తుండొచ్చు.

2024 మార్చి 5న ఓటింగ్ పెడితే 90 శాతానికి పైగా అవునన్నారు. జులై 1 నుంచి సిటీ. కౌంటీలో ఎనిమిదోది. 2011లో జురుపా వ్యాలీ తర్వాత రాష్ట్రం మొత్తం మీద కొత్త సిటీ ఇదే. అంటే మధ్యలో పదమూడేళ్లు ఒక్కటీ పుట్టలేదు. దాన్ని బట్టే ఎంత కష్టమో అర్థం చేసుకోండి.

ఇక్కడ జడ్జికి ఇవ్వడం ఉండదు. ప్రతి కౌంటీకీ లాఫ్కో అని ఒక కమిషన్ ఉంటుంది, హద్దుల విషయాలన్నీ వాళ్లవే. పిటిషన్ దారిలో వెళ్తే ఓటర్లలో 25 శాతం సంతకాలు కావాలి. లేదా ఇప్పటికే ఉన్న స్థానిక సంస్థ తీర్మానం చేసి దరఖాస్తు పెట్టొచ్చు. మాకు నీళ్లు, పార్కులు, రోడ్లు చూసే కమ్యూనిటీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ చాలా ఏళ్లుగా ఉంది. తీర్మానం అదే చేసింది, ఇంటింటికీ క్లిప్‌బోర్డు పట్టుకుని తిరిగే పని తప్పింది. ఆఫీసు, సిబ్బంది, జనం అప్పటికే కడుతున్న ప్రత్యేక పన్నులు అన్నీ ఉన్నాయి. పోలీసులకి షెరీఫ్‌తో కాంట్రాక్టే. నిజానికి సిటీ అయ్యే నాటికి మేం సగం సిటీలానే బతుకుతున్నాం.

లాఫ్కో ముందు ఆర్థిక నివేదిక ఇవ్వాలి, చాలా ఏళ్ల లెక్క. దాంతో పాటు ఇంకో మెలిక ఉంది. కొత్త సిటీ వల్ల కౌంటీ నష్టపోకూడదు. మీ వల్ల పోయే ఆదాయం, తగ్గే ఖర్చు సరితూగకపోతే ఆ తేడా కొత్త సిటీ కౌంటీకి కట్టాలి. పుట్టింటి వాళ్లకే ఎదురు కట్నం అన్నమాట.

పన్ను_పంతులు:
@మౌంటెన్_హౌస్_మాధవి జురుపా వ్యాలీ పేరెత్తారు కాబట్టి ఆ ముక్క కూడా చెప్పేయండి. లేదా నేనే చెప్తా. వాళ్లు 2011 జులై 1న సిటీ అయ్యారు. సరిగ్గా అదే సమయంలో రాష్ట్రం బడ్జెట్ కష్టాల్లో ఉండి, కొత్త సిటీలకి వచ్చే వాహన లైసెన్సు ఫీజు వాటాను ఒక బిల్లుతో లాగేసుకుంది. వాళ్ల లెక్కలన్నీ ఆ డబ్బు మీద వేసుకున్నవి. ఈస్ట్‌వేల్, మెనిఫీ, వైల్డొమార్ అనే కొత్త సిటీలు కూడా అలాగే దెబ్బతిన్నాయి. జురుపా వ్యాలీ అయితే సిటీని రద్దు చేసుకోవాలా అన్నంత వరకు వెళ్లింది. 2017లో గానీ ఆ నలుగురికీ సర్దుబాటు కాలేదు. ఎక్సెల్‌లో లెక్క సరిపోయింది కదా అని సంబరపడకూడదు, పై ప్రభుత్వం ఒక్క సంతకంతో అడ్డగీత కొట్టేయగలదు.

హెచ్‌ఓఏ_శత్రువు:
అది కాలిఫోర్నియా. ఇక్కడ టెక్సాస్.

పన్ను_పంతులు:
అవును, టెక్సాస్ శాసనసభ లోకల్ సిటీల జోలికే వెళ్లదు, అందరికీ తెలుసు 😀

సౌత్_ఫోర్సైత్:
జార్జియాలో ఇంకో రకం. ఇక్కడ పిటిషన్ దారే లేదు. మీ ప్రాంతపు శాసనసభ్యుణ్ణి ఒప్పించి ఆ సిటీ పేరుతోనే ఒక బిల్లు పెట్టించాలి, ముందు ఆర్థికంగా నిలబడుతుందా అని స్టడీ చేయించాలి, బిల్లు పాసయ్యాక ఓటింగ్. శాండీ స్ప్రింగ్స్ 2005లో, జాన్స్ క్రీక్, మిల్టన్ 2006లో అలా పుట్టినవే.

మా దక్షిణ ఫోర్సైత్ కౌంటీలో షారన్ స్ప్రింగ్స్ అని ప్రయత్నం జరిగింది. జోనింగ్, చెత్త, కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ మాత్రమే చూసుకునే "సిటీ లైట్". ఇక్కడ సిటీ అనిపించుకోవాలంటే చట్టంలో ఉన్న 11 సేవల్లో కనీసం మూడు ఇవ్వాలి, వాళ్లు సరిగ్గా మూడు పెట్టుకున్నారు. 2018 మేలో ఓటింగ్. సగానికి పైగా అవునన్నారు. అయినా ఓడిపోయింది! ఆ బిల్లులోనే 57.5 శాతం రావాలని గీత గీశారు. మా ఇంట్లో ఇద్దరం చెరో వైపు వేశాం. ఆ రాత్రి వంట నేనే చేశాను.

గోదారి_గట్టు:
గెలిచిన వైపు మీరా, ఓడిన వైపా?

సౌత్_ఫోర్సైత్:
మెజారిటీ వైపు నేను. అయినా ఓడిన వైపూ నేనే.

హ్యూస్టన్_హనుమంతు:
టెక్సాస్ ఉదాహరణ కావాలంటే మా దగ్గరి ది వుడ్‌ల్యాండ్స్ చూడండి. లక్షకి పైగా జనం, పెద్ద మాల్, ఆఫీసులు, ఆదాయానికి కొదవ లేదు. ఈటీజే అడ్డంకిని కూడా హ్యూస్టన్, కాన్రో సిటీలతో ముందే ఒప్పందాలు చేసుకుని తొలగించుకున్నారు. 2021 నవంబరులో ఓటింగ్ పెడితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. పన్ను పెరుగుతుందన్న భయం, ఇప్పుడు బాగానే ఉందిగా అన్న ధీమా. అంత డబ్బున్న వాళ్లే వద్దనుకున్నారు.

హెచ్‌ఓఏ_శత్రువు:
వాళ్లకి గోడ అవతల బ్యాచ్ ప్లాంట్ లేదు కదా. కందిపొడి గారిది వేరే పరిస్థితి.

సిటీ_వద్దు_బాబోయ్:
నేను సిటీ పన్ను లేదనే కౌంటీలో ఇల్లు కొన్నాను. బిల్డర్ బ్రోషర్లో కూడా అదే పెద్ద అక్షరాలతో వేశాడు. ఇప్పుడు పక్కింటివాళ్లు క్లిప్‌బోర్డు పట్టుకుని వస్తే తలుపు తీయను. హెచ్‌ఓఏ ప్రెసిడెంట్‌గా చేసిన మనిషే రేపు మేయర్ అవుతాడు. గడ్డి ఎత్తుకి ఉత్తరాలు రాసే చేతికి పోలీసుల్ని కూడా ఇద్దామా?

కందిపొడి:
@సిటీ_వద్దు_బాబోయ్ మీ వాదన అర్థమైంది, మొన్నటిదాకా నాదీ అదే. మీ ఇంటి పక్కన సిమెంటు లారీలు తెల్లవారుజామున నాలుగింటికి మొదలైతే ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పండి.

సిటీ_వద్దు_బాబోయ్:
రియల్టర్‌కి.

తండా_పోరడు:
ఇక్కడంతా అమెరికా ముచ్చట నడుస్తోంది గానీ మా ఊరి సంగతి దీనికి దగ్గరగానే ఉంది. మాది నల్లగొండ జిల్లాలో తండా. పెద్దూరి పంచాయతీ కింద ఉండేది. నీళ్ల ట్యాంకు, వీధి దీపాలు, సీసీ రోడ్డు, ఏదొచ్చినా ముందు పెద్దూరికి, మిగిలితే మాకు. "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్ల తరబడి అడిగారు మా వాళ్లు. 2018 కొత్త పంచాయతీరాజ్ చట్టంలో 500 జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేశారు. కొత్తగా 4,383 పంచాయతీలు వచ్చాయి, రాష్ట్రంలో మొత్తం 12,751 అయ్యాయి. ఆగస్టు 2 నుంచి అమలు, 2019 జనవరిలో ఎన్నికలు. మా మేనత్త వార్డు మెంబర్ అయింది. అంతకుముందు పంచాయతీ ఆఫీసు మెట్లెక్కని మనిషి.

పంతులు గారు అన్నది కూడా నిజమే. పంచాయతీ అయ్యాక ట్రాక్టర్ వచ్చింది, దాని బ్యాంకు కిస్తీ వచ్చింది. కరెంటు బిల్లు వచ్చింది. ఇంటి పన్ను వసూలు చేద్దామంటే ఉన్నవన్నీ మా చుట్టాల ఇళ్లే. చిన్న పంచాయతీకి వచ్చే నిధుల్లో జీతం, కిస్తీ, బిల్లు పోను మిగిలేది తక్కువ. అయినా మా వాళ్లని మళ్లీ పెద్దూరిలో కలుస్తారా అని అడిగి చూడండి, కొడతారు.

మౌంటెన్_హౌస్_మాధవి:
@తండా_పోరడు ఇప్పుడు ఇంకో తండా వాళ్లు పంచాయతీ కావాలంటే సంతకాలు పెట్టి కలెక్టర్‌కి ఇస్తే సరిపోతుందా?

తండా_పోరడు:
వినతిపత్రం ఇవ్వొచ్చక్కా, ఫొటో దిగి పేపర్లో వేయించుకోవచ్చు. కానీ కొత్త చట్టంలో పంచాయతీల పేర్లన్నీ షెడ్యూల్‌లోనే రాసి పెట్టారు. కలపాలన్నా, విడదీయాలన్నా చట్టాన్ని సవరించాలి. అందుకే మా దగ్గర సంతకాల కంటే ఎమ్మెల్యే ముఖ్యం.

తుళ్లూరు_తమ్ముడు:
మా వైపు తిరగబడ్డ కథ. 2022లో అమరావతి ప్రాంతంలో 22 ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేస్తామని గ్రామసభలు పెడితే, ఊళ్లన్నీ వద్దని చేతులెత్తాయి. మేం భూములిచ్చింది రాజధానికి గానీ మున్సిపాలిటీకి కాదన్నది ముఖ్యమైన మాట. మామూలు ఊళ్లలో అయితే ఇంకో భయం ఉంటుంది. మున్సిపాలిటీ అయితే ఉపాధి హామీ పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది. ఎక్కడైనా పేరు పెద్దదయ్యే ముందు జనం బిల్లు సంగతే అడుగుతారు.

మోడరేటర్_2:
రాజధాని చర్చకి వేరే దారం ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ మొదలైతే కందిపొడి గారి ప్లాంట్ కట్టేస్తారు, మనం కొట్టుకుంటూనే ఉంటాం.

జిరాక్స్_సెంటర్:
సంతకాల గురించి ఒక హెచ్చరిక. లూసియానాలో బాటన్ రూజ్ శివార్లలో సెయింట్ జార్జ్ అని సిటీ కావాలని పిటిషన్ పెట్టారు. అక్కడ ఓటర్లలో 25 శాతం సంతకాలు కావాలి, వేల సంతకాలు పోగుచేశారు. 2015లో లెక్క తేలేసరికి 71 తక్కువ పడ్డాయి. మళ్లీ మొదటి నుంచి. 2019లో ఓటింగ్‌లో గెలిచారు, ఆ తర్వాత కోర్టు కేసులు, 2024 ఏప్రిల్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు సరేనంది. కాబట్టి 50 కావాలంటే 50 తీసుకెళ్లకండి, 120 తీసుకెళ్లండి. మనవాళ్లు ఓటరు కార్డులో ఇంటిపేరు ముందు, సంతకంలో ఇంటిపేరు వెనక రాస్తారు. అడ్రస్ మారినా ఓటరు నమోదు పాత అపార్ట్‌మెంట్‌లోనే ఉంచుతారు. సగం అక్కడే ఎగిరిపోతాయి.

కందిపొడి:
ఇది చాలా పనికొచ్చే మాట. చలపతి గారూ, ఈటీజే దగ్గర ఆగిపోయాం. సిటీ ఒప్పుకోకపోతే ఇక దారి మూసుకుపోయినట్టేనా?

చట్టం_చలపతి:
రెండు దారులున్నాయి.

పాతది: సిటీ అనుమతి నిరాకరిస్తే, మీ ప్రాంతంలోని ఓటర్లలో మెజారిటీ, సగం భూమి యజమానులు కలిసి "అయితే మమ్మల్ని మీలో కలుపుకోండి" అని పిటిషన్ పెట్టాలి. ఆరు నెలల్లో కలుపుకోకపోతే, టౌన్ కావడానికి అనుమతి ఇచ్చినట్టే లెక్క. పెళ్లి చేసుకో లేదా వదిలెయ్ అన్నట్టు. ప్రమాదం ఏంటంటే, వాళ్లు నిజంగానే కలుపుకోవచ్చు.

కొత్తది: 2023 సెప్టెంబరు 1 నుంచి ఎస్‌బీ 2038 అనే చట్టం వచ్చింది. ఈటీజే నుంచి మమ్మల్ని వదిలేయండి అని పిటిషన్ పెట్టొచ్చు. మొదటి సంతకం పడిన రోజు నుంచి 180 రోజుల్లో అన్నీ పోగవ్వాలి, సరిహద్దుల వివరణ, మ్యాపు జతచేయాలి. సరిగ్గా ఉంటే సిటీ వదలాలి. గడువులోపు ఏమీ చేయకపోయినా వదిలేసినట్టే. కొన్ని మినహాయింపులున్నాయి, సైనిక స్థావరాల చుట్టుపక్కల లాంటివి. కొన్ని సిటీలు దీని మీద కోర్టుకెళ్లాయి. లాయరు లేకుండా ముట్టుకోకండి.

ఓటు_లేనోడు గారు ఇది చదవాలి: ఆ పిటిషన్ మీద ఓటర్లలో సగానికి మించి సంతకాలైనా ఉండాలి, లేదా పన్ను రికార్డుల ప్రకారం భూమి విలువలో ఎక్కువ భాగం ఉన్న యజమానుల సంతకాలైనా సరిపోతాయి. యజమానికి ఓటు ఉండాలని లేదు.

ఓటు_లేనోడు:
ఏంటి?! అంటే నా సంతకానికి మొదటిసారి విలువ వచ్చిందా ఈ దేశంలో?

పన్ను_పంతులు:
ఆస్తి విలువ మీద కాబట్టి పూల్ కట్టుకున్నవాళ్ల సంతకం ఇంకా బరువు.

ఓటు_లేనోడు:
నవ్వండి. మా వీధిలో 18 ఇళ్ల సంతకాలు రేపు సాయంత్రానికి నేను పట్టుకొస్తా. తర్వాత టౌన్ ఓటింగ్‌లో మళ్లీ పక్కన నిల్చుంటాం, అది వేరే విషయం.

చట్టం_చలపతి:
ఇప్పుడు చేదు మాత్ర. కందిపొడి గారూ, ఇవన్నీ చేసి మీరు టౌన్ అయినా ఈ ప్లాంట్ ఆగకపోవచ్చు. ఈటీజే విడుదల, పిటిషన్, ఎన్నిక, కౌన్సిల్, జోనింగ్ ఆర్డినెన్సు, వీటన్నిటికీ కలిపి ఏడాది తక్కువ కాదు. వాళ్లు అంతకుముందే పర్మిట్‌కి దరఖాస్తు పెట్టి, పని మొదలుపెట్టేస్తే తర్వాత వచ్చిన జోనింగ్ వాళ్ల మీద పనిచేయడం కష్టం. పాత వాడకంగా కొనసాగుతుంది. టౌన్ మీకు ఉపయోగపడేది దీని తర్వాత వచ్చే ప్లాంటుకి.

ఈ ప్లాంటుకి మీరు వెళ్లాల్సింది రాష్ట్ర పర్యావరణ సంస్థ టీసీఈక్యూ దగ్గరికి. గాలి పర్మిట్ ఇచ్చేది వాళ్లే. పబ్లిక్ నోటీసు, కామెంట్ గడువు ఉంటాయి. ప్లాంట్ నుంచి 440 గజాల లోపు శాశ్వత నివాసం ఉన్నవాళ్లు ప్రభావితులుగా విచారణ కోరవచ్చు. అంత దగ్గరలో ఎవరి ఇల్లుందో ముందు చూడండి. అక్కడ కూడా సిటిజన్ కానక్కర్లేదు, నివాసం ఉంటే చాలు.

కందిపొడి:
ఇప్పుడే కౌంటీ మ్యాపులో కొలిచా. బోర్డు పాతిన చోటు నుంచి చూస్తే మా చివరి వీధిలో మూడు ఇళ్లు లోపలే వస్తున్నాయి. మెషీన్ స్థలంలో ఏ మూల పెడతారన్న దాన్ని బట్టి ఒకటి అటో ఇటో అవ్వచ్చు.

హెచ్‌ఓఏ_శత్రువు:
ఆ ముగ్గురూ అద్దెకున్నవాళ్లా, సొంతమా?

కందిపొడి:
రెండు సొంతం. ఒకటి అద్దె, ఓనర్ కాలిఫోర్నియాలో ఉంటాడు.

చట్టం_చలపతి:
సొంత ఇళ్ల ఇద్దరి చేత ముందు విచారణ అభ్యర్థన పెట్టించండి. దూరం కొలిచిన మ్యాపు జతచేయమనండి. గడువు తేదీ నోటీసులోనే ఉంటుంది, దాన్ని దాటితే ఇక ఏ పిటిషనూ పనికిరాదు. మిగతా కాలనీ అంతా మామూలు కామెంట్లు పెట్టండి. మీ శాసనసభ్యుడి చేత పబ్లిక్ మీటింగ్ అడిగించండి, ఆయన అడిగితే పెడతారు.

సిటీ_వద్దు_బాబోయ్:
దీనికైతే నేనూ కామెంట్ పెడతా. పన్ను లేదుగా.

కందిపొడి:
సరే, గ్రూపులో అందరితో మాట్లాడా. ఈ వారం టీసీఈక్యూ పని. చివరి వీధి ఇద్దరూ ఒప్పుకున్నారు, ఒకరి భార్యకి ఉబ్బసం ఉంది, ఆవిడే ముందు సంతకం పెట్టేశారు. పక్కనే ఈటీజే విడుదల పిటిషన్‌కి లాయర్‌ని కనుక్కుంటున్నాం. టౌన్ సంగతి, ఎమర్జెన్సీ డిస్ట్రిక్ట్ సేల్స్ ట్యాక్స్ ఎంత పట్టుకుందో తెలిశాక. మా వాట్సాప్ గ్రూపులో మేయర్ అవుతానన్నాయన లెక్కలు అడగ్గానే కనిపించడం మానేశాడు.

బిర్యానీ_బావ:
అయితే పోస్టు ఖాళీయే కదా.

పన్ను_పంతులు:
ఎమర్జెన్సీ డిస్ట్రిక్ట్ రేటు స్టేట్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల అధికారి) సైట్‌లో అడ్రస్ కొడితే వచ్చేస్తుంది. టిఫిన్ సెంటర్ అడ్రస్ కొట్టి చూడండి, లేదా అక్కడి బిల్లు ఫొటో పెట్టండి.

కందిపొడి:
బిల్లు ఉంది, నిన్నటిది. పన్ను 8.25.

పన్ను_పంతులు:
అంటే 2 శాతం ఎవరో ముందే తింటున్నారు. అది ఎవరో కనుక్కుని రాయండి, తర్వాత మాట్లాడదాం.